వరలక్ష్మమ్మ బస్సెక్కిందా?

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు, గుమ్మఘట్టలో ఎవరినడిగినా చెబుతారు. మా శాఖా గ్రంథాలయంలో దినపత్రికను నాలుగు ముక్కలు చేసి నలుగురు పంచుకుంటే నాకు కోపం. ఉద్యోగ ప్రకటనను బ్లేడుతో కోసి జేబులో పెట్టుకుంటే కోపం. నవలను ఇంటికి తీసుకెళ్ళి, ఆపిన చోట గుర్తుగా అగ్గిపుల్ల పెట్టేవాళ్ళున్నారు, కోడి ఈక పెట్టేవాళ్ళున్నారు. ఒకాయన ఏకంగా దోసె ముక్క పెట్టి తిరిగిచ్చాడు. ఆయన చనిపోయి నాలుగేళ్ళయింది. దోసె మరక నూట పద్దెనిమిదో పేజీలో అలాగే ఉంది, నా కోపమూ అలాగే ఉంది.

ఇరవై ఆరేళ్ళుగా ఈ లైబ్రరీ తాళంచెవులు నా నడుముకే ఉన్నాయి. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ప్రభుత్వం వారు గ్రంథాలయాలకు శుక్రవారం సెలవిచ్చారు. దేవుడేమో ఆదివారం అన్నాడు. ఈ రెండు శాఖల మధ్య సమన్వయం లేక నలిగిపోయేది నేను. ఆదివారం పదింటికి మందిరంలో ఆరాధన మొదలవుతుంది. నేను పదకొండుకు తాళం వేసి, ఎండలో పరుగెత్తి, వాకిట్లో చెప్పుల గుట్ట పక్కన నా చెప్పులకు చోటు వెతుక్కుని లోపలికి వెళ్ళేసరికి ప్రసంగం సగంలో ఉంటుంది. మా పాస్టరు ప్రతాప్ కొత్తగా వచ్చాడు, ముప్పై రెండేళ్ళవాడు, మర్యాదస్థుడు. నేను కూర్చునేదాకా ప్రసంగం ఆపుతాడు. అలా ఆపడంతో, నన్ను చూడనివాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. ఆ మర్యాదేదో లేకపోతే నాకెంతో మేలు.

ఆయనకు సినిమాలంటే పడదు. సినిమా సాతాను తెరిచిన కిటికీ అంటాడు, నవల ఆ కిటికీకి కట్టిన పరదా అంటాడు. నేను ఆ పరదాలకు కాపలా కాసి జీతం తీసుకునే మనిషిని. మా ఆయన గంగాధర్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా రిటైరయ్యాక సెల్‌ఫోనులో రోజుకు రెండు సినిమాలు చూస్తాడు, వీధంతటికీ వినబడేట్టు. అందుకని ప్రసంగంలో కిటికీ మాట వచ్చినప్పుడల్లా సంఘమంతా మా ఇద్దరి వైపు చూస్తుంది.

ఈ ఏడాది శ్రమల దినాలు మొదలయ్యే బుధవారం సాయంత్రం కూడిక పెట్టారు. శ్రమల దినాలంటే ఈస్టరుకు ముందు నలభై రోజులు. ప్రభువు అరణ్యంలో ఉపవాసం ఉన్నదానికి గుర్తుగా మేమూ ఏదో ఒకటి మానుకుంటాం. ఏం మానుకుంటామో ఎవరికి వారు మనసులో అనుకునే విషయం అది. ప్రతాప్ వచ్చాక, ఒక్కొక్కరూ లేచి మైకులో చెప్పాలని కొత్త పద్ధతి పెట్టాడు. అదే కొంప ముంచింది.

నేను ఏడుకు తాళం వేసి వెళ్ళేసరికి సగం సంఘం మానుకోవడం అయిపోయింది. ఒకరు టీ, ఒకరు మాంసం, ఒకరు టీవీ సీరియళ్ళు. మా ఆయన లేచి, ఎంతో త్యాగం చేస్తున్నవాడి ముఖం పెట్టి, వంకాయ మానేస్తున్నానన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన వంకాయ ముట్టగా నేను చూడలేదు. అయినా అందరూ ఆమెన్ అన్నారు. తరువాత సంఘపెద్ద సుంకప్ప లేచి కోపం మానేస్తానన్నాడు. సుంకప్పకు అసలు కోపమే లేదు. తన చేలో ఎవరి మేకలు పడినా, పడినందుకు తనే దండం పెట్టే రకం. ఆయన ఆ మాట అనగానే తలలన్నీ మెల్లగా నా వైపు తిరిగాయి. వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరు కూడా నవ్వుముఖంతో, కృపక్కా, మీరు కూడా అదే తీసుకుంటే బాగుంటుందేమో అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు లాక్కున్నాను. ఈ నలభై రోజులు నవల చదవను, సినిమా చూడను అని చెప్పి, మైకు ఆయన చేతిలో పెట్టి కూర్చున్నాను.  ఇంటికి వచ్చే దారిలో మా ఆయన చెప్పేదాకా నాకు తట్టలేదు, కోపం మానమంటే ఆ కోపంతోనే మిగతావన్నీ మానేశానని.

మరునాడు నాలుగింటికి లైబ్రరీ తలుపు తెరవడానికి వెళితే మెట్టు మీద మారెక్క కూర్చుని ఉంది. నేను చేసిన పని ఏమిటో అప్పుడు పూర్తిగా అర్థమయింది.

మారెక్క గొర్రెలు కాస్తుంది. అరవై దాటి ఉంటాయి. లైబ్రరీ పక్కనే పశువులకు కట్టించిన నీళ్ళ తొట్టి ఉంది. ఆమె, ఆమె మొగుడు తిప్పయ్య సాయంత్రం మందను అక్కడికి తోలుకొస్తారు. ఎనభై గొర్రెలు నీళ్ళు తాగేసరికి అరగంట పడుతుంది. పోయిన డిసెంబరులో ఒకరోజు నేను నవల చదువుతూ కళ్ళు తుడుచుకుంటుంటే చూసి, ఎవరు చచ్చిపోయినారని మెట్టు మీద నుంచే అడిగింది. ఎవరూ చావలేదు, పుస్తకంలో ఒకామె కూతురితో పోట్లాడిందని చెప్పాను. అయితే మొదటి నుంచీ చదవమంది. ఆమెకు చదువు రాదు. నేనూ అప్పటికి ముప్పై పేజీలే చదివి ఉన్నాను కాబట్టి వెనక్కి వెళ్ళి పైకి చదవడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి రోజూ గొర్రెలు నీళ్ళు తాగేంతసేపు మాకు నవల.

ఆ నవల పేరు నాకూ తెలియదు. ఎప్పుడో అట్ట ఊడిపోయి, బైండింగు చేయించినప్పుడు మొదటి కాగితం కూడా పోయింది. గోదావరి పక్కన ఏదో ఊరు. వరలక్ష్మమ్మ అని ఒక తల్లి, కమల అని ఒక్కతే కూతురు. కూతురు తనకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంటే, ఇంకెప్పుడూ నా గడప తొక్కవద్దంటుంది తల్లి. ఆ తరువాత మూడు వందల పేజీలు వరలక్ష్మమ్మ కాఫీ తాగుతూ బాధపడుతుంది. రెండు పేజీలకోసారి ఇత్తడి ఫిల్టరు, డికాక్షను, నురగ. కాఫీ వచ్చినప్పుడల్లా మారెక్క, ఈ యమ్మకి వేరే పనేం లేదా అని విసుక్కునేది. కూతురి మాట వచ్చినప్పుడు మాత్రం తల వంచుకుని కొంగు అంచు నలుపుతూ వినేది.

ఎందుకో నాకు తెలుసు. మారెక్కకూ ఒక్కతే కూతురు, చౌడేశ్వరి. మూడేళ్ళ క్రితం, బళ్ళారి రోడ్డు మీద పంక్చరు అంగడి పెట్టుకున్న వేరే కులం పిల్లవాణ్ణి చేసుకుంది. వరలక్ష్మమ్మ అన్న మాటా మారెక్క అన్న మాటా ఇంచుమించు ఒకటే, కాకపోతే మారెక్క ఇంకో నాలుగు కలిపింది. మనవడు పుట్టాడన్న సంగతి ఆమెకు సంతలో ఎవరో చెబితే తెలిసింది. తల్లీ కూతుళ్ళకు మూడేళ్ళుగా మాటల్లేవు.

నవలలో ఇక పదహారు పేజీలు మిగిలాయి. నేను ముందుకు తిప్పి చూడలేదు. ఇద్దరు ఒకే పళ్ళెంలో తినేటప్పుడు ఒకరు ముందే వేరుశనగ గింజలన్నీ ఏరుకుని తినకూడదు. సరిగ్గా ఆ పదహారు పేజీల ముందు నేను మైకు పట్టుకున్నాను.

నలభై రోజులు చదవనని మారెక్కకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"మీ దేవుడు అడిగినాడా?"

"లేదు. నేనే చెప్పినా."

"అడగందే ఇస్తే ఆయప్ప దాన్ని ఏం చేసుకుంటాడమ్మా?"

 మైకులో అన్న మాట. తప్పితే దేవుడు క్షమిస్తాడేమో గానీ సంఘం క్షమించదు. మారెక్క తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది, తిట్టడం నాకు అలవాటైన వ్యవహారం. ఆమె తిట్టలేదు. రోజూ అదే వేళకు వచ్చి, అదే మెట్టు మీద కూర్చుని, గొర్రెలు నీళ్ళు తాగాక లేచి వెళ్ళిపోయేది. ఒక్క మాటా అడిగేది కాదు. నేను బల్ల దగ్గర కూర్చుని, రబ్బరు స్టాంపును తడి లేకుండా తుడుస్తూ ఉండేదాన్ని.

చదవని మనిషి రోజు ఎంత పొడుగుంటుందో ఆ మూడు వారాల్లో తెలిసింది. నవల ముట్టనన్నాను కాబట్టి మిగతావన్నీ చదివాను. కందిపప్పు పొట్లం కాగితం చదివాను. మా ఆయన బీపీ మాత్రల డబ్బాలో మడతపెట్టిన కాగితం చదివి, అందులో ఉన్న ఇబ్బందులన్నీ నాకున్నట్టు కనిపెట్టాను. గ్యాసు బండ మీది హెచ్చరికలు చదివాను. దినపత్రిక నవల కిందికి రాదని తీర్మానించుకుని రాజకీయాల పేజీ చదివితే, కల్పన అందులోనే ఎక్కువగా ఉంది. కడుపు నిండదు కదా వీటితో. ఒక మనిషి లోపలికి వెళ్ళి కాసేపు కూర్చుని రావడం నాకు నవల. అది లేక నాలోనే నేను కూర్చోవలసి వచ్చింది, అక్కడేమో ఉక్క.

సినిమాల సంగతి ఇంకా అన్యాయం. మా ఆయన పక్కగదిలో చూస్తుంటే మాటలన్నీ నాకు వినబడేవి. వినడం చూడటం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తలుపు అవతల నుంచే, ఈ తండ్రి ఇంకో పది నిమిషాల్లో గుండె పట్టుకుంటాడని నేను చెప్పేదాన్ని. పట్టుకునేవాడు. కథ ముందే చెప్పి పాడుచేస్తున్నావని మా ఆయన గోల. నా బాధ ఆయనకేం తెలుసు? నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు, నేను ప్రాణంగా చదువుకున్న నవలను సినిమా తీస్తే రాయదుర్గం వెళ్ళి చూశాను. నవల చివర చనిపోయే మనిషిని సినిమాలో బతికించి, పాట కూడా పాడించారు. నేను బయటికొచ్చి గేటు దగ్గర టికెట్లు చింపే అతన్ని పట్టుకున్నాను. రాసినాయన చంపిన మనిషిని బతికించేదానికి మీరెవరని అడిగాను. నేను చింపేది టికెట్లు మేడం, కథలు గాదు అన్నాడతను. రాసిన ముగింపు రాసినట్టు ఉండాలి, దాని జోలికి ఎవరూ పోకూడదు. ఈ విషయంలో నాది బైబిలు వాక్యం లాంటి నమ్మకం, ఇరవై ఎనిమిదేళ్ళుగా.

మూడో శనివారం సాయంత్రం మారెక్క మెట్టు దిగకుండా నిలబడింది.

"సోమారం మంద కదుల్తాది కృపమ్మా. కాలవ కిందికి పోతాండాం. మళ్ళా వానలకే వచ్చేది."

ఎండాకాలం ముందు మా వైపు మందలన్నీ మేత కోసం బళ్ళారి కాలవ పొలాలకు వెళ్ళిపోతాయి. ఆ సంగతి తెలిసీ నేను లెక్కేసుకోలేదు. వానలకు వచ్చేదంటే జూన్, ఆ వాన కూడా వస్తే. వచ్చాక చదువుతానులే అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"దావలో దాని ఊరు ఉండాది. వరలక్ష్మమ్మ కూతురింటికి పోతే నేనూ పోతా. ఆ యమ్మ పోకుంటే నేనూ పోను. ఆ యమ్మ చదువుకున్నామె, మంచీ చెడ్డా తెలిసినామె."

ఇంత పెద్ద విషయం అడగడానికి ఆమెకు తిప్పయ్య ఉన్నాడు, అక్కచెల్లెళ్ళున్నారు, కులపెద్దలున్నారు. వాళ్ళందరినీ కాదని, రోజంతా కాఫీ తాగే ఒక కాగితం మనిషిని అడగదలచుకుంది. 

ఇంటికి వెళ్ళి గోడకున్న క్యాలెండరు ముందు నిలబడ్డాను. మాట తప్పడమా, మారెక్కను ఉత్త చేతులతో పంపడమా? ఎన్ని రోజులు మిగిలాయో చూద్దామని బుధవారం నుంచి ఈస్టరు దాకా లెక్కపెట్టాను. నలభై రావాలి, నలభై ఆరు వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టినా నలభై ఆరే. మా ఆయనను పిలిచి వేళ్ళ మీద లెక్కపెట్టించాను. ఎక్కువైన ఆరు ఎక్కడివా అని చూస్తే, మధ్యలో ఆదివారాలు సరిగ్గా ఆరు.

ఆదివారం ఆరాధన ముగియగానే పాస్టరును పట్టుకున్నాను. ఆదివారాలు ఉపవాసం లెక్కలోకి వస్తాయా, రావా? దేవుడి దగ్గర కూడా లెక్కలా కృపక్కా అన్నాడు గానీ, ఆయనకూ అనుమానం పట్టుకుంది. రాయదుర్గంలో ఉన్న పెద్ద పాస్టరుగారికి ఫోను చేశాడు. ఆదివారం ప్రభువు లేచిన దినం, ఆ రోజు ఉపవాసం ఉండదు, నలభైలో అది లెక్క కాదు అని ఆయన తేల్చేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కనే నిలబడిన మా ఆయన మాత్రం, అయితే ఆదివారాలు నేను వంకాయ తినాల్నా అని కంగారుపడ్డాడు.

నాలుగింటికి లైబ్రరీ తెరిచేసరికి మారెక్క లేదు. తొట్టి దగ్గర గొర్రెలున్నాయి. తిప్పయ్యను కేకేసి, పిలుచుకురమ్మన్నాను. మూట కడుతున్నదల్లా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మెట్టు మీద వద్దని చెప్పి లోపల కుర్చీలో కూర్చోబెట్టాను. కుర్చీ అంచున కూర్చుంది. నేను నవల తెరిచాను. మూడు వారాల తరువాత ఆ పాత కాగితం వాసన తగిలేసరికి నాకు కళ్ళు చెమర్చాయి, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

పదమూడు పేజీలు బాగానే నడిచాయి. కమలకు కొడుకు పుట్టాడని వరలక్ష్మమ్మకు తెలుస్తుంది. జంతికలు చేస్తుంది, పసివాడికి ఊలు టోపీ అల్లుతుంది, సంచి సర్దుకుని బస్టాండుకు వెళుతుంది. మారెక్క ఊపిరి కూడా గట్టిగా తీయడం లేదు. నేను పైకి చదువుతూ, కళ్ళతో రెండు వరుసలు ముందుకు పోతూ ఉంటాను, అది నా అలవాటు. ఈసారి నోరు ఆగింది, కళ్ళు మాత్రం చివరి మూడు పేజీలూ దాటేశాయి.

వరలక్ష్మమ్మ బస్సెక్కలేదు. మొదటి బస్సు వచ్చింది, కండక్టరు రమ్మన్నాడు, ఆమె లేవలేదు. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్ళి, రెండు కాఫీలు కలిపింది. ఒకటి తాగింది. రెండోది చల్లారిపోయింది. సమాప్తం.

గొప్ప ముగింపు. ఒంటరిగా చదివి ఉంటే రెండు రోజులు అన్నం తినకుండా మెచ్చుకునేదాన్ని. కానీ ఎదురుగా మారెక్క నా పెదవుల వంక చూస్తోంది, రేపు ఏ దారిన నడవాలో అక్కడ రాసి ఉన్నట్టు.

కళ్ళు కాగితం మీదే ఉంచి, "వరలక్ష్మమ్మ బస్సెక్కింది" అన్నాను.

ఎక్కించాక నడపాలి కదా. స్టాకు రిజిస్టరు తప్ప జీవితంలో ఏమీ రాయని మనిషిని. బస్సును పోనిచ్చాను. దారిలో వాన కురిపించాను, ఎలాగూ అబద్ధమే, తక్కువెందుకని. కూతురి వీధిలో దింపాను. తలుపు తట్టించాను. కమల తలుపు తీసి, అమ్మను చూసి, ఏడ్చి, కాళ్ళకు నీళ్ళిచ్చి, పీట వేసి, వేడి వేడి సంగటి పెట్టి, పక్కన వేరుశనగల ఊరిబిండి వేసి, ఉల్లిగడ్డ పగలగొట్టి ఇచ్చింది. వరలక్ష్మమ్మ కడుపునిండా తిన్నది. ఇక ముగించాలి కాబట్టి మనవణ్ణి తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టాను. చివర సమాప్తం అన్నాను. నేను పలికినవాటిలో ఆ ఒక్క మాటే నిజంగా కాగితం మీద ఉంది.

 అంతేనా అని అడిగింది. అంతే అన్నాను. కొంగు దులుపుకుని, మంచిదమ్మా అని చెప్పి వెళ్ళిపోయింది. సోమవారం ఉదయం లైబ్రరీ ముందు దుమ్ము మాత్రం ఉంది, మంద లేదు.

ఉపవాసం దక్కింది గానీ అబద్ధం అంటింది. శ్రమల దినాల్లో, ఆదివారం పూట, దేవుడు ఇచ్చిన సందులోంచి దూరి అబద్ధం చెప్పి వచ్చాను. అది ఒక ఎత్తు. ఆ కూతురు తలుపు తీయకపోతే? తీసి, మారెక్క మాటలు మారెక్కకే తిప్పి కొడితే? నేను ఊహించి పెట్టిన సంగటి నమ్ముకుని ఒక ముసలామె ఎండలో నడిచి వెళ్ళి గడప ముందు నిలబడి ఉంటే? తిప్పయ్య ఫోనుకు చేశాను. వారం రోజులు చేశాను. స్విచాఫ్. చెట్టుకొమ్మకు చార్జింగు పెట్టుకోలేరు కదా.

తట్టుకోలేక ఒక శుక్రవారం పాస్టరు ప్రతాప్ ఇంటికి వెళ్ళాను. పుస్తకంలో లేనిది చదివి ఒకామెకు అబద్ధం చెప్పాను అన్నాను. ఆయన గంభీరంగా, అసలు పుస్తకంలో ఏముంది అని అడిగాడు. చెబితే అర్థం కాదు, మొదటి నుంచీ చెప్పాలి అన్నాను. అయితే మొదటి నుంచీ చెప్పండి అన్నాడు. గంటన్నర చెప్పాను. మధ్యలో ఆయన భార్య రెండుసార్లు భోజనానికి పిలిచింది, ఆయన చెయ్యి ఊపి పంపేశాడు. రెండు కాఫీల దగ్గరికి వచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అంటే బస్సు ఎక్కనే లేదా కృపక్కా?"

"ఎక్కలేదయ్యగారూ."

చాలాసేపు కిటికీలోంచి చూశాడు. అబద్ధం తప్పేనని, అందులో సందేహం లేదని అన్నాడు. తరువాత, మారెక్కను ప్రార్థనలో పెడతానన్నాడు. వరలక్ష్మమ్మను కూడా పెడతానన్నాడు. ఆమె నవలలో మనిషి కదా అంటే, అయినా సరే అన్నాడు. ఆ రోజు నుంచి కిటికీల మీద, పరదాల మీద ప్రసంగాలు తగ్గిపోయాయి.

ఈస్టరు వచ్చింది. ఆ ఒక్కరోజు లైబ్రరీ తాళంచెవులు రోజూ వచ్చే ముసలాయన ఒకరికి అప్పగించి, ఆరాధన మొదలుకాకముందే వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూడటానికి ఎవరికీ ఏమీ లేకపోవడంతో సంఘం కాస్త తికమకపడింది. ప్రసంగం తరువాత సాక్ష్యాలు. మా ఆయన మైకు పట్టుకుని, దేవుని కృపవల్ల వంకాయను జయించానని చెప్పాడు. సుంకప్ప లేచి, నలభై రోజుల్లో ఒక్కసారీ కోపం రాలేదని చెప్పాడు. తరువాత నా వంతు. అప్పుడే నా సంచిలో ఫోను మోగింది. తెలియని నంబరు. మందిరంలో ఫోను మోగితే నేనే అందరి మీదా అరిచేదాన్ని. తీసుకుని బయటికి పరుగెత్తాను.

"కృపమ్మా, నేను మారెక్కను. ఇది మా అల్లుని ఫోను."

అల్లుని ఫోను. చెప్పుల గుట్ట పక్కనే కూలబడ్డాను.

మందతో వెళుతూ వెళుతూ కూతురి ఊళ్ళో ఆగలేదట. ధైర్యం చాలక ఊరు దాటి వెళ్ళిపోయిందట. నాలుగు వారాలు కాలవ కింద మంద పెట్టుకుని ఆలోచించి, నిన్న ఒక్కతే బస్సెక్కి వచ్చిందట. చౌడేశ్వరి కిటికీలోంచి చూసి తలుపు తీయలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మారెక్క అల్లుని అంగడి ముందు పాత టైరు మీద కూర్చుంది. అల్లుడు పని ఆపి ఎండకు అడ్డంగా పట్టా కట్టాడు. మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది.

"సంగటి పెట్టిందా?" అని అడిగాను. 

"సంగటి యాడిది? నోరెత్తకుండా గలాసు నిండా కాఫీ తెచ్చి ఇచ్చినాది. చక్కెర బాగా ఏసినాది. నాకు షుగరు వచ్చినట్ల దానికి తెల్దు కదా, మూడేండ్లాయె. తాగినా." కాస్త ఆగి మళ్ళీ అంది. "నువ్వు చదివిన పొద్దే అనుకున్నా. ఆ యేటి పక్కోళ్ళు రెండు నెలలు కాఫీ మీదనే బతికినారు. కడాకు ఆ ఇంట్లో సంగటి, ఊరిబిండి యాడ్నుంచి వచ్చినాయి?"

 ఇరవై ఎనిమిదేళ్ళ నమ్మకాన్ని తుంగలో తొక్కి నేను కట్టిన గోదావరి కథ మా సీమ ఊరిబిండి దగ్గర పట్టుబడింది. తెలిసి కూడా ఎందుకు పోయినావని అడిగాను.

"పుస్తకం రాసినాయప్పకు నేనెవరో తెల్దు. నీకు తెలుసు కదమ్మా."

వెనకాల పసివాడెవరో ఏడుస్తున్నాడు. ఎవరో వాణ్ణి సముదాయిస్తున్నారు, ఆడగొంతు. మారెక్క ఫోను పెట్టేయబోతూ ఆగింది.

"అయితే ఆ యమ్మ పోలేదు కదా. పాపం."

పోలేదని చెప్పాను. 

ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాను. పాస్టరు ప్రతాప్ నేను కూర్చునేదాకా కాదు, నేను వచ్చేదాకానే అన్నీ ఆపి నిలబడి ఉన్నాడు. సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. మైకు తీసుకుని, నలభై రోజులు నవల ముట్టలేదు, సినిమా చూడలేదు, ఆదివారాలు పోను అని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ప్రతాప్ మాత్రం అనలేదు. నా ఎర్రబడ్డ కళ్ళ వంక చూస్తూ, ఏమయిందన్నట్టు తలెగరేశాడు.

"బస్సెక్కింది అయ్యగారూ" అన్నాను, మైకులోనే.

ఎవరు ఏ బస్సెక్కారో తెలియకపోయినా, సంఘమంతా మరోసారి ఆమెన్ అంది. ఈసారి అందరికన్నా గట్టిగా అన్నది పాస్టరే.